నంబరు గడి

పొద్దున ఎనిమిదింటికి పాలమూరు గడియారం కాడ
నేల తొమ్మిది ఇనుప వేళ్లు పైకి లేపుతది.
సప్పుడుండదు. బుస్సుమని కొంచెం గాలి, అంతే.
అప్పటి సంది రాత్రి తొమ్మిది దాక
బజారు కాళ్లది.

నేను డబ్బాల కూసుంట.
చాయ్ దుకాణమంత డబ్బా. ఒక తెర, ఒక రిజిస్టరు,
ఒక ఆకుపచ్చ బొత్తం. పక్కన ఎర్రది,
దాన్ని ముట్టొద్దని టేపు అతికిచ్చి పోయిండు
ఇంజనీరు సారు.
కాంట్రాక్టు కొలువు. జీతం రెండు నెల్లకోపాలి.

కెమెరా నంబరు సదువుతది.
లిస్టుల ఉంటే స్తంభాలు దిగుతయి, లేకుంటే దిగయి.
గంతే దానికి తెలిసిన న్యాయం.
ఎవ్వలి బిడ్డవని అడగదు, ఏ వాడ అని అడగదు.
మొదట్ల గందుకే నాకు నచ్చింది.

మా అవ్వ చెప్పేది,
గడీ ముంగటికెల్లి పోవాల్నంటే
చెప్పులు సంకల వెట్టుకొని నడిచెటోల్లమని.
మొన్న తెల్లకారు ఒకటి వచ్చి ఆగింది.
హారన్ కొట్టింది. అద్దం దించింది.
"నేనెవరో ఎరుకేనా?" అన్నడు లోపలాయన.
"నాకు ఎరుక లేదు సార్, దానికైతే అసలే లేదు" అన్న.
ఆ రాత్రి ఒక ముద్ద ఎక్కువనే తిన్న.

కానీ ఊశన్న తోపుడుబండికి నంబరెక్కడిది?
స్తంభానికి స్తంభానికి నడుమ నాలుగడుగులు ఇడిసిండ్రు.
చక్రాల కుర్చీ వడుతది, పసిపిల్లల బండి వడుతది,
ఊశన్న బండి జానెడు ఎక్కువ.
ఆ కాయిదం ఎవ్వలు గీసిండ్రో గని
బతుకుల తోపుడుబండి తోసినోల్లు కాదు.

మొదటి దినం ఆయన బండిని ఆడనే నిలవెట్టి
సీతాఫలాల గంపలు ఒక్కొక్కటే మోసిండు.
కోయిలకొండ గుట్టల కాయలు, కన్ను విచ్చినయి,
ఎండకు ఆగయి.
ఏడో గంపకు నేను బొత్తం ఒత్తిన.
ఒత్తితే రాయాలె గద: తేది, టైము, వాహనం నంబరు.
నంబరు గడిల ఏం రాయాలె?
"ఊశన్న" అని రాసిన.

ఇగ ఆ గడి ఆగలె.
రజియా బీ, గాజుల బండి.
నీళ్ల క్యాన్ల రిక్షా, పేరు చెప్పకుంటనే పోయిండు.
జంగయ్య, బండి మీద తల్లి, దవాఖాన.
పెండ్లి గుర్రం ఒకటి. సందుల పడుతది గని బెదిరింది.
"నల్లది" అని రాసిన.
సారు వచ్చి పేజీలు తిప్పిండు,
"ఇయ్యేందమ్మా?" అన్నడు.
"నంబర్లే సార్" అన్న.
ఆయన కండ్లద్దాలు తుడుసుకున్నడు. సంతకం వెట్టిండు.

ఒక్క ముచ్చట ఆయనకు చెప్పలె.

నారాయణపేట చీరల దుకాణం విఠల్‌రావు
ఉగాదికి ముందు పోయిండు.
లిస్టుల ఆయన స్కూటరు నంబరు అట్లనే ఉండె.
రోజూ పదిన్నరకు సుమిత్రాబాయి
ఆ స్కూటరును చేతులతోటి నడిపిచ్చుకుంట తెస్తది,
ఆమెకు నడపరాదు, ముంగట చీరల మూట.
సందుల నుంచి పోవొచ్చు. పోదు.
కెమెరా సదివేదాక ఆగుతది,
తొమ్మిదింట్ల నడిమి మూడు దిగేదాక ఆగుతది,
కొంగు సదురుకుంటది, దాటుతది.

నెలాఖరుకు పాత నంబర్లు తీసెయ్యుమని ఆర్డరొచ్చింది.
తీసిన. ఆయనది సుత తీసిన.
కొలువు కొలువే.

తెల్లారి పదిన్నరకు ఆమె వచ్చి నిలవడ్డది.
కెమెరా సదివింది. స్తంభాలు కదల్లె.
ఆమె నా డబ్బా దిక్కు చూడలె,
స్తంభాల దిక్కే చూసింది,
ఇంట్ల మనిషి పలుకకుంటె చూసినట్టు.

నా వేలు ఎప్పుడు పోయిందో బొత్తం మీదికి.

అప్పటి సంది రోజూ నేనే ఒత్తుత.
కెమెరా కంటే కొంచెం ఆలస్యమయితది,
ఆమెకు తెలిసిందో లేదో.
తేది రాస్త. టైము రాస్త.
ఆ ఒక్క గడి ఖాళీగ ఇడుస్త.
ఇంకా ఎవ్వలు అడగలె.